కలకు కూడు పెట్టేదెవరు?

*సినిమా, టీవీ, ఓటీటీ, యానిమేషన్... తెర వెనుక పనికి వేల చేతులు కావాలి. ఆ పని నేర్చుకోవాలన్న తపన మన పల్లెల్లో, బస్తీల్లో పుష్కలంగా ఉంది. నేర్చుకునే ఏడాదో, రెండేళ్లో బతకడానికి ఆసరాయే లేదు. ఆ ఆసరా ఇస్తున్నవాళ్ల కథ ఇది. ఇవ్వగలిగిన స్తోమత ఉన్నవాళ్లకు ఒక విన్నపం కూడా.*

2021 అక్టోబరు 25. ఢిల్లీ విజ్ఞాన్ భవన్. ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడి చేతుల మీదుగా దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకోవడానికి రజనీకాంత్ వేదికెక్కారు. తెల్ల దుస్తులు, నెరిసిన గడ్డం. సభంతా లేచి నిలబడింది. మైకు ముందుకొచ్చిన ఆయన ఆ పురస్కారాన్ని ముగ్గురికి అంకితమిచ్చారు. మొదటి పేరు గురువు కె.బాలచందర్. రెండోది తండ్రిలా పెంచిన అన్న సత్యనారాయణరావు. మూడోది రాజ్ బహదూర్. బెంగళూరు సిటీ బస్సు డ్రైవర్.

ఆ బస్సులో టికెట్లు కొట్టిన కండక్టరు శివాజీరావు గైక్వాడ్‌లో నటుణ్ని ముందుగా పసిగట్టింది ఆ డ్రైవరే. 'నువ్వు ఇక్కడ ఉండాల్సినవాడివి కాదు' అని వెంటపడి, 1973లో మద్రాసులోని ఫిలిం ఛాంబర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేదాకా ఊరుకోలేదు. ఒట్టి ప్రోత్సాహంతోనూ సరిపెట్టలేదు. నెలనెలా తన జీతంలోంచి డబ్బు సర్దాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే శివాజీరావు బాలచందర్ కంట పడ్డాడు. 1975లో 'అపూర్వ రాగంగళ్'తో రజనీకాంత్ అయ్యాడు.

రాజ్ బహదూర్ సాయానికి ట్రస్టు లేదు, దరఖాస్తు ఫారం లేదు, రసీదు లేదు. అయినా దక్షిణాది సినిమా చరిత్రలో అంతకన్నా ఫలించిన విద్యార్థి వేతనాన్ని చూపించడం కష్టం. మరి అలాంటి స్నేహితుడు దొరకనివాళ్ల సంగతేమిటి? శ్రీకాకుళంలోనో, ఆదిలాబాద్‌లోనో, రాయచోటిలోనో సెల్‌ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసి పదిమందికి చూపించి మురిసిపోతున్న పిల్లాడికి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ సినిమా ఎడిటర్ కావాలని కలగంటున్న అమ్మాయికి చెయ్యందించేది ఎవరు?

సమ్మె లేవనెత్తిన ప్రశ్న

ఈ ప్రశ్న ఇప్పుడు గట్టిగా వినిపించడానికి కారణముంది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. ప్రభుత్వం కలగజేసుకున్నాక రాజీ కుదిరింది. ఆ రోజుల్లో వేతనాలతో పాటు ఇంకో మాటా నలిగింది. పనితెలిసినవాళ్లు స్థానికంగా చాలడం లేదని, బయటి నుంచి తెచ్చుకోవాల్సి వస్తోందని నిర్మాతల వైపు నుంచి వినిపించింది. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న మమ్మల్ని అవమానిస్తారా అని కార్మిక సంఘాలు మండిపడ్డాయి. సమ్మె ముగిశాక తనను కలిసిన సినీ ప్రముఖులతో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా కార్మికుల నైపుణ్యం పెంచుకోవాలని, అందుకు స్కిల్ యూనివర్సిటీలో ఏర్పాట్లు చేస్తామని చెప్పారు.

వేతనాల లెక్క ఏదో విధంగా తేలింది. నైపుణ్యం లెక్క తేలలేదు. నిజానికి ఇద్దరి మాటలోనూ సత్యముంది. మన కార్మికుల అనుభవానికి వంక పెట్టలేం. అయితే డిజిటల్ కెమెరాలు, వీఎఫ్ఎక్స్, కలర్ గ్రేడింగ్, సింక్ సౌండ్ వచ్చి పడిన వేగానికి తగ్గట్టు వాళ్లకు నేర్పే ఏర్పాటు ఎవరూ చేయలేదు. 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' తర్వాత తెలుగు సినిమా బడ్జెట్లు వందల కోట్లకు చేరాయి. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. ఇంత ఎదిగిన పరిశ్రమ తన రేపటి పనివాళ్ల చదువుకు ఎంత వెచ్చిస్తోందంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

రసీదులో కనిపించని ఫీజు

సినిమా నేర్చుకోవడానికి మనకున్నది ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, ఫీజు కట్టి ఫిలిం స్కూల్లో చేరడం. హైదరాబాద్‌లో 2008లో రామానాయుడు ఫిలిం స్కూల్, 2011లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రాంగణంలో ఫిలిం, మీడియా కళాశాల వచ్చాయి. చెన్నైలో ఎల్.వి.ప్రసాద్ పేరుతో అకాడమీ ఉంది. మంచి పరికరాలు, మంచి గురువులు ఉన్న చోట్లు ఇవి. పరికరాలకు ఖర్చవుతుంది కాబట్టి ఫీజూ ఆ స్థాయిలోనే ఉంటుంది. కౌలురైతు కొడుకు ఆ గడప తొక్కడం కష్టం.

రెండోది, సినిమా ఆశతో వచ్చినవాళ్లు తలదాచుకునే హైదరాబాద్ కృష్ణానగర్ దారి. ఏ దర్శకుడి దగ్గరో, ఎడిటర్ దగ్గరో శిష్యరికం. దీనికి ఫీజు లేదంటారు. నిజానికి దీని ఫీజే ఎక్కువ, రసీదులో కనిపించదంతే. నలుగురు కలిసి ఉండే గది అద్దెలో వాటా, రెండు పూటలా తిండి, ఆఫీసుల చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలు ఆగవు కదా! చేరిన కొత్తలో జీతం ఊసెత్తకూడదు. షూటింగ్ ఉన్న రోజు బేటా (రోజు భత్యం) చేతికొస్తే అదే పండగ. సినిమా మధ్యలో ఆగిపోతే ఆ బేటా కూడా ఉండదు. యూనియన్ కార్డు తీసుకుందామంటే కొన్ని విభాగాల్లో సభ్యత్వ రుసుమే పేదవాడి గుండె జారిపోయేంత ఉంటుంది. ఇంటి నుంచి నెలనెలా డబ్బు వచ్చేవాడు ఈ మూడు, నాలుగేళ్లు తట్టుకుంటాడు. ఇంటికే డబ్బు పంపాల్సినవాడు ఆరు నెలలకు మూటాముల్లె సర్దుకుంటాడు. ఇద్దరిలో ప్రతిభ ఎవరికి ఎక్కువన్న పరీక్ష అసలు జరగనే జరగదు.

ఈ బాధ కొత్తదీ కాదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్లి, వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రాడిగా చేరారు. ఆ గుమ్మం నుంచే 1931లో తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం వేసే దాకా వెళ్లి, తర్వాత ఎల్.వి.ప్రసాద్‌గా దేశమంతా తెలిసిన దర్శక నిర్మాత అయ్యారు. అలాంటి గట్టి పిండాల కథలు మనకు ఇష్టం. అయితే ఒక ఎల్.వి.ప్రసాద్ నిలదొక్కుకున్న దారిలో ఎందరు రాలిపోయి ఉంటారో ఏ చరిత్రలోనూ రాయలేదు. ఆకలిని అర్హత పరీక్షగా పెట్టే పద్ధతిని ఇంకా ఎన్నాళ్లు సమర్థించుకుంటాం?

కిరోసిన్ దీపం నుంచి ఆస్కార్ దాకా

ఆసరా ఉంటే ఏమవుతుందో చూపించిన సంస్థ పుణెలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సినీ పరిశ్రమ స్థితిగతులు చూడటానికి ప్రభుత్వం వేసిన ఎస్.కె.పాటిల్ కమిటీ, సినిమా నేర్పే జాతీయ సంస్థ కావాలని 1951లోనే సిఫార్సు చేసింది. 1960లో మూతపడ్డ ప్రభాత్ స్టూడియో ప్రాంగణంలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. ఎఫ్‌టీఐఐగా మనకు తెలిసింది అదే. అక్కడ చదువుకయ్యే ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిది, అంటే పన్ను కట్టే మనందరిది.

కేరళలోని విలక్కుపార అనే పల్లెలో కరెంటు లేని ఇంట్లో కిరోసిన్ దీపం కింద చదువుకున్న రసూల్ పూకుట్టి, ఎఫ్‌టీఐఐలో సౌండ్ నేర్చుకున్నారు. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' శబ్ద మిశ్రమానికి ఆస్కార్ అందుకున్నారు. 1969లో అక్కడే ఛాయాగ్రహణంలో బంగారు పతకం పొందిన బాలు మహేంద్ర ఆ తర్వాత మన 'శంకరాభరణం'కు కెమెరా పట్టారు. ఆ సినిమాలో వెలుగునీడలు ఇప్పటికీ తెలుగువాళ్ల కళ్లలో ఉన్నాయి. ఒక పేద దేశం తన ఖజానా లోంచి చదువుకు పెట్టిన డబ్బు మన ఊరి టూరింగ్ టాకీస్ దాకా అలా చేరింది.

> ■ నాలుగు రోజుల్లో తీసిన సినిమా
>
> మైసూరుకు చెందిన చిదానంద నాయక్ వైద్యం చదివిన యువకుడు. సినిమా మీద మనసుతో ఎఫ్‌టీఐఐలో ఏడాది టీవీ కోర్సులో చేరారు. కోర్సు చివర తీసిన లఘుచిత్రం 'సన్‌ఫ్లవర్స్ వర్ ద ఫస్ట్ వన్స్ టు నో'. కోడిపుంజును ఎత్తుకుపోయిన ముసలమ్మ చుట్టూ అల్లిన కన్నడ జానపద కథ. షూటింగ్ నాలుగే రోజులు. 2024 కాన్స్ చిత్రోత్సవంలో ప్రపంచ ఫిలిం స్కూళ్ల విద్యార్థులు పోటీపడే 'లా సినెఫ్' విభాగంలో దానికి మొదటి బహుమతి వచ్చింది. అదే ఏడాది, అదే ఎఫ్‌టీఐఐలో చదివిన పాయల్ కపాడియా చిత్రం 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' కాన్స్‌లో గ్రాండ్ ప్రి గెలిచింది.

చెన్నైలో ఒక దర్శకుడి బడి

పుణెలో సీట్లు కొన్నే. ప్రవేశ పరీక్ష నెగ్గాలి. దాని గురించి తెలిసి ఉండాలి. ఇంగ్లిషు, హిందీ రాని పల్లెటూరి పిల్లలకు అక్కడా అడ్డంకులే. ఈ లోటు గుర్తించి సొంతంగా ముందుకొచ్చిన దర్శకుడు వెట్రిమారన్. ఎఫ్‌టీఐఐ చదువు చదివిన బాలు మహేంద్ర దగ్గరే ఆయన శిష్యరికం చేశారు. వెంకటేశ్ 'నారప్ప'కు మూలమైన 'అసురన్' ఆయన తీసిందే.

ఆయన స్థాపించిన ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిలిం అండ్ కల్చర్ 2022లో చెన్నైలో తరగతులు మొదలుపెట్టింది. లయోలా కళాశాలలో పనిచేసిన ఆచార్య రాజనాయగం దాని బాధ్యత తీసుకున్నారు. కుటుంబంలో మొదటి పట్టభద్రులైన పేద, అణగారిన వర్గాల యువతీయువకులకే ప్రవేశం. ఏడాది చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితం. 'అసురన్' నిర్మాత కలైపులి ఎస్.థాను ఆ బడికి కోటి రూపాయల విరాళం ఇచ్చారు.

ఈ బడి ప్రత్యేకత ఉచితం అన్న మాటతో అయిపోదు. అక్కడ కెమెరా చేతికివ్వడానికి ముందు చరిత్ర, సమాజం, సాహిత్యం, సంస్కృతి చదివిస్తారు. పేద పిల్లలకు సాంకేతిక పనులు నేర్పి లైట్లు మోయించడంతో సరిపెట్టాలని వాళ్లనుకోలేదు. కథ చెప్పే హక్కు కూడా ఈ పిల్లలదే అనుకున్నారు. తమిళ తెర మీద ఇన్నేళ్లుగా పక్కన నిలబడ్డ జీవితాలు ఇప్పుడు కథ నడుపుతున్నాయంటే, రాసేవాళ్లు, తీసేవాళ్లు ఆ జీవితాల్లోంచే రావడం వల్లే. విరాళానికి ఇంతకన్నా మంచి రాబడి ఏముంటుంది?

గురుశిష్య పరంపర ఇక్కడ చక్కగా కనిపిస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో చదివిన బాలు మహేంద్ర ఒక వెట్రిమారన్‌ను తయారుచేశారు. వెట్రిమారన్ ఏటా కొన్ని పదుల మందిని తయారుచేస్తున్నారు.

పస్తాపూర్ అక్కల కెమెరా

చెన్నై దాకా వెళ్లకముందే, మన తెలంగాణలోనే ఈ పని జరిగింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాలు పండించే దళిత మహిళా సంఘాలతో 1980ల నుంచీ పనిచేస్తోంది. దాన్ని నడిపిన పి.వి.సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 1990ల చివర్లో ఆయన ఆ సంఘాల్లోని మహిళలకు వీడియో కెమెరా ఇచ్చి శిక్షణ మొదలుపెట్టించారు. ఆ అక్కల్లో చాలామందికి అక్షరం రాదు. కూలికి వెళ్లొచ్చే చేతులు. బటన్ల మీది ఇంగ్లిషు చదవలేరు కాబట్టి ఏ మీట ఎక్కడుందో చేత్తో తడిమి గుర్తుపెట్టుకున్నారు.

వాళ్లు షాట్లను అర్థం చేసుకున్న తీరు ఏ ఫిలిం స్కూల్లోనూ దొరకదు. పైనుంచి కిందికి చూసే షాట్ 'పటేల్ షాట్'. గడీ అరుగు మీద నిలబడ్డ దొర కూలివాళ్లను చూసే చూపు అది. కింది నుంచి పైకి చూసేది జీతగాడి చూపు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒక్క తీరుగా చాప మీద కూచుంటారు కాబట్టి. తమ సినిమాల్లో మనుషులను చూపించడానికి వాళ్లు ఎంచుకున్నది ఆ మూడోదే.

2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడిన ఈ మహిళలు, వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల గోడును చేలల్లో తిరిగి చిత్రీకరించారు. 2003లో వచ్చిన ఆ డాక్యుమెంటరీ దేశదేశాల్లో ప్రదర్శనకు నోచుకుంది. 2008లో మాచునూరులో మొదలైన సంగం రేడియో కూడా ఈ శ్రమకు చెల్లెలే. విరాళంతో వచ్చిన ఒక కెమెరా, ఓపికగా నేర్పిన ఒక గురువు ఉంటే చాలు. చదువు లేదు, వయసు మీరింది, కులం అడ్డు అన్న సాకులన్నీ వీగిపోతాయని పస్తాపూర్ ఇరవై ఏళ్ల కిందటే రుజువు చేసింది. సతీశ్ 2023లో కన్నుమూశారు. ఆయన బాటలో ప్రతి జిల్లాకూ ఒక్క కేంద్రం వచ్చినా తెలుగు తెర రూపురేఖలు మారిపోయేవి.

బ్రాంక్స్ నుంచి లండన్ దాకా

న్యూయార్క్‌లో బ్రాంక్స్ అంటే పేదరికానికి, నేరాలకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడ సామాజిక కార్యకర్తగా పనిచేసిన జో హాల్ 2000లో 'గెటో ఫిలిం స్కూల్' పెట్టారు. నల్లజాతి, లాటినో కుటుంబాల హైస్కూలు పిల్లలకు ఉచితంగా సినిమా నేర్పే బడి ఇది. నడిచేది విరాళాల మీద. చివర్లో పిల్లలంతా కలిసి విదేశానికి వెళ్లి అక్కడ ఒక సినిమా తీస్తారు. బస్తీ దాటి ఎరగని పిల్లలకు అది ఎంతటి అనుభవమో ఊహించుకోవచ్చు. ఆ బడి చొరవతోనే 2009లో బ్రాంక్స్‌లో సినిమా ప్రధానంగా నడిచే ప్రభుత్వ హైస్కూలు కూడా వచ్చింది.

లండన్‌లో బాబ్ క్లార్క్ 2005లో 'మామా యూత్ ప్రాజెక్ట్' ప్రారంభించారు. అవకాశాలు దక్కని యువతను తీసుకుని, వాళ్ల చేత నిజంగా ప్రసారమయ్యే టీవీ కార్యక్రమం చేయిస్తారు. స్కై సంస్థ అండగా నిలిచింది. ఉత్తుత్తి అభ్యాసం కాదు, గడువు ఉంటుంది, పొరపాటు చేస్తే తెర మీద కనిపిస్తుంది. అందుకే బయటికి వెళ్లేనాటికి వాళ్లకు చూపించుకోవడానికి పని ఉంటుంది.

మనం బాగా గమనించాల్సింది బ్రిటన్ పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న పద్ధతి. పెద్ద సినిమాలు, భారీ టీవీ సీరియళ్లు తీసే సంస్థలు అక్కడ పెట్టే ఖర్చులో అర శాతాన్ని, ఒక పరిమితికి లోబడి, నైపుణ్య నిధికి జమ చేస్తాయి. చట్టం బలవంతం చేయలేదు, పరిశ్రమ పెద్దలే ఒప్పుకున్న కట్టుబాటు. స్క్రీన్‌స్కిల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆ డబ్బుతో కొత్తవాళ్లను ఎంపిక చేసి జీతం వచ్చే శిక్షణకు సెట్ల మీదికి పంపుతుంది. ఇంకా ముచ్చటైన సంగతి, వాళ్లిచ్చే చిన్న చిన్న సాయాలు. డ్రైవింగ్ నేర్చుకోవడానికి డబ్బిస్తారు. ఎందుకంటే అక్కడ సెట్ మీద చిన్న ఉద్యోగం దొరకాలన్నా కారు నడపడం రావాలి. ల్యాప్‌టాప్ కొనుక్కోవడానికి, పనిచేసే ఊరికి మకాం మార్చుకోవడానికి, తల్లులైతే బిడ్డను చూసుకునే ఆయాకు కూడా ఇస్తారు. పేదవాడి కాలికి అడ్డుపడేది ఎప్పుడూ పెద్ద కొండ కాదని, చిన్న రాళ్లేనని ఎరిగినవాళ్లు చేసే సాయం ఇది.

కంపెనీల సొమ్ము, కంపెనీల షరతులు

మన దగ్గరా కార్పొరేట్ డబ్బు కదులుతోంది. నెట్‌ఫ్లిక్స్ 2021లో ప్రపంచవ్యాప్తంగా అయిదేళ్లకు 10 కోట్ల డాలర్లతో ఒక నిధి ప్రకటించింది. తెర మీద, తెర వెనుక అవకాశం దక్కనివాళ్లకు తోడ్పడటం దాని ఉద్దేశం. ఆ నిధి అండతో 2024లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ) కలిసి 'వాయిస్‌బాక్స్' పేరుతో డబ్బింగ్ కళాకారులకు శిక్షణ ప్రకటించాయి. హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాలు, తెలుగుతో సహా ఎనిమిది భాషలు, మొత్తం 210 మంది, అందులో కనీసం సగం మంది మహిళలు. ఓటీటీల వల్ల డబ్బింగ్ పని ఎంత పెరిగిందో తెలిసిన ఎవరైనా దీన్ని హర్షిస్తారు.

కానీ ఆ శిక్షణకు అర్హత చూడండి. రెండేళ్లకు పైగా అనుభవం ఉండాలి. గుమ్మం లోపలికి వచ్చేసినవాళ్లకు అది మెరుగులు దిద్దుతుంది. గుమ్మం బయట నిలబడినవాళ్ల కోసం వేరే ఏర్పాటు కావాలి. కంపెనీ తనకు కావాల్సిన పనివాణ్ని తయారుచేసుకుంటుంది, అందులో తప్పేమీ లేదు. సమాజానికి కావాల్సిన కళాకారుణ్ని తయారుచేయడం మాత్రం దాతల పని, ప్రభుత్వం పని. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

> ■ చట్టంలోనే చోటుంది
>
> కంపెనీల చట్టం-2013లోని 135వ సెక్షన్ ప్రకారం, రూ.500 కోట్ల నికర విలువ లేదా రూ.1,000 కోట్ల టర్నోవర్ లేదా రూ.5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు వెచ్చించదగిన పనుల జాబితాలో విద్య, వృత్తి నైపుణ్యాలు ఉన్నాయి. కళలు, సంస్కృతి కూడా ఉన్నాయి. ఎడిటింగ్, సౌండ్, యానిమేషన్, పాత సినిమాల సంరక్షణ వంటి శిక్షణలు ఈ రెండు గొడుగుల కిందికీ వస్తాయి. స్టూడియో కంపెనీయే అక్కర్లేదు. సిమెంటు కంపెనీ, మందుల కంపెనీ కూడా ఇవ్వొచ్చు.

హీరో ఒక్కడే కాదు

సినిమా శిక్షణకు విరాళమంటే చాలామంది దాతలు వెనకాడతారు. పిల్లాణ్ని హీరోను చేస్తానని ఆశపెట్టి చెడగొట్టినట్టవుతుందని వాళ్ల భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. అయితే తెర మీది ఒక్కడి వెనుక 24 క్రాఫ్టులు పనిచేస్తాయి. ఫోకస్ పుల్లర్, బూమ్ ఆపరేటర్, కలరిస్టు, మేకప్, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ మేనేజర్, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు, యానిమేటర్లు. వీళ్లవి నెల తిరిగేసరికి ఇల్లు గడిపే వృత్తులు. సినిమా లేనప్పుడు ప్రకటనలు, వెబ్ సిరీస్‌లు, వార్తా చానళ్లు, గేమ్ కంపెనీలు ఉన్నాయి.

మనం తలవని వృత్తి ఇంకోటి ఉంది. పాడైపోతున్న పాత ప్రింట్లను శుభ్రం చేసి బతికించే పని. ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2015 నుంచి ఏటేటా ఒక్కో నగరంలో ఈ విద్యలో శిక్షణ ఇస్తూ, 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌కూ వచ్చింది. అంతర్జాతీయ నిపుణులు వచ్చి, తెగిన రీలు అతకడం దగ్గర్నుంచి నేర్పారు. మన తొలితరం తెలుగు టాకీల్లో ఎన్నో ఇప్పుడు చూద్దామన్నా దొరకవు. మిగిలినవాటినైనా కాపాడే చేతులు మన పిల్లలవే కావాలి.

డబ్బు ఎక్కడ దారి తప్పుతుంది?

విరాళం ఇచ్చినంత మాత్రాన మేలు జరిగిపోదు. మూడు రోజుల వర్క్‌షాపు, చివర్లో ఒక సర్టిఫికెట్, దాతతో గ్రూపు ఫొటో... ఇలా ముగిసే శిక్షణలు బోలెడు. నేర్చుకున్న పిల్లలు మర్నాడు ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఇంకొన్నిచోట్ల ఫీజు రాయితీ ఇస్తారు, హాస్టల్ ఖర్చు ఇవ్వరు. సీటొచ్చీ చేరలేకపోతారు. చేరినా, సాయంత్రాలు డెలివరీ పనులకు వెళ్లి, తరగతిలో కునికిపాట్లు పడతారు.

అమ్మాయిల విషయంలో ఈ లోటు రెట్టింపు. రాత్రి షూటింగుల తర్వాత ఇంటికి ఎలా చేరతారు? ఎవరి దగ్గర పనిచేస్తారు? ఏదైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? ఈ మూడింటికీ జవాబు లేని పథకానికి ఏ తల్లీ తన కూతుర్ని పంపదు, పంపకూడదు కూడా. సురక్షితమైన వసతి, రవాణా, ఫిర్యాదు చేసుకునే ఏర్పాటును అదనపు ఖర్చుగా చూస్తే అమ్మాయిలు రారు.

అందుకే ఈ రంగంలో దానానికి మూడు మెట్లుండాలి. ఒకటి, చదువు ఫీజు. రెండు, నేర్చుకునే కాలమంతా తిండి, అద్దె. మూడు, శిక్షణ అయ్యాక జీతంతో మొదటి పని. మొదటి మెట్టు దగ్గరే ఆగిన సాయం సగంలో ఆగిన వంతెన. చెన్నై బడి రెండో మెట్టు దాకా వచ్చింది కాబట్టే పల్లె పిల్లలు అక్కడ నిలబడుతున్నారు. బ్రిటన్ నిధి మూడో మెట్టు మీద దృష్టి పెట్టింది కాబట్టే అక్కడ కొత్తవాళ్లకు పని దొరుకుతోంది.

> ■ చేరే ముందు అడగండి
>
> • ఉచితమంటే ఏది ఉచితం? ఫీజు ఒక్కటేనా, వసతి, భోజనం కూడానా?
> • పరికరాలు మన చేతికిస్తారా, చూపించి పక్కన పెడతారా?
> • పాఠం చెప్పేవాళ్లు ఇప్పుడు పరిశ్రమలో పనిచేస్తున్నవాళ్లేనా?
> • కిందటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడించగలరా?
> • అమ్మాయిలకు హాస్టల్, రవాణా, ఫిర్యాదుల కమిటీ ఉన్నాయా?
> • సినిమాలో వేషం ఖాయమని చెప్పి డిపాజిట్ అడుగుతున్నారా? అయితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పెద్ద మనసు మనకు కొత్త కాదు

తెలుగు సినిమావాళ్ల దాతృత్వానికి లోటు లేదు. చిల్లర పనులు చేసి పైకొచ్చిన ఎల్.వి.ప్రసాద్ హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి కోసం అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో మొదలైన ఆ సంస్థ ఇవాళ లక్షల మందికి చూపునిస్తోంది. ఎన్టీఆర్ కుటుంబం నిలబెట్టిన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిరంజీవి 1998లో ప్రారంభించిన బ్లడ్ బ్యాంకు ఉంది. మహేశ్‌బాబు చొరవతో ఎందరో పసిబిడ్డలకు గుండె ఆపరేషన్లు జరిగాయి. 2020లో కరోనా వచ్చి షూటింగులు ఆగితే పరిశ్రమంతా కలిసి కరోనా క్రైసిస్ చారిటీ (సీసీసీ) పేరుతో నిధి సేకరించి సినీ కార్మికుల ఇళ్లకు సరుకులు పంపింది.

ప్రాణం నిలబెట్టే పనిలో ముందున్న ఈ చేతులు, జీవితాలు నిలబెట్టే పనిలోకీ రావాలి. బ్రిటన్ లెక్కనే తీసుకుందాం. వంద కోట్ల సినిమాలో అర శాతమంటే 50 లక్షలు. ఆ స్థాయి సినిమాకు అది ఒక్క సెట్ ఖర్చుకు కూడా సరిపోదేమో! అలాంటివి ఏడాదికి పది సినిమాలు ఒప్పుకుంటే అయిదు కోట్లు. వాటికి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, రెండు తెలుగు ప్రభుత్వాల వాటా, అమెరికా, బ్రిటన్, గల్ఫ్‌లలో తెలుగు సినిమాను నెత్తిన పెట్టుకునే ప్రవాసుల విరాళాలు తోడైతే, హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ వసతితో కూడిన ఉచిత శిక్షణ కేంద్రాలు నడపడం అసాధ్యమేమీ కాదు.

ఆ నిధిని నిర్మాతలు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం, బయటి విద్యావేత్తలు సమాన సంఖ్యలో కూర్చుని నడపాలి. ఏటా లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. శిక్షణ పొందినవాళ్లకు యూనియన్ సభ్యత్వ రుసుము నిధి నుంచే కట్టాలి. పెద్ద సినిమా ప్రతిదానిలోనూ కనీసం ఇద్దరు కొత్తవాళ్లకు జీతంతో చోటివ్వాలి. సమ్మె నాడు ఎదురెదురుగా కూర్చున్న రెండు పక్షాలూ ఒకే వైపు కూర్చోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

పాఠకులూ చేయగలిగింది ఉంది. మీ ఊళ్లో ఎడిటింగ్ నేర్చుకుంటానన్న పిల్లవాడికి మంచి కంప్యూటర్ కొనిచ్చేందుకు ఒక పూర్వ విద్యార్థుల సంఘం చాలు. నగరంలో ఇల్లున్నవాళ్లు ఏడాది పాటు ఒక్క గది ఇవ్వగలరు. పదిమంది ఉద్యోగులు కలిస్తే ఒక అమ్మాయి హాస్టల్ ఖర్చు భరించగలరు. సినీ పెద్దలకు మాత్రం ఒక్కటే మనవి. మీలో చాలామంది ఆకలితో నేర్చుకున్నారు. మీ తర్వాత వచ్చేవాళ్లు కడుపునిండా తిని నేర్చుకునేలా చూడండి. వచ్చే సినిమా బడ్జెట్ కాగితం మీద ఆ అర శాతం గీత గీయండి.